రోజుకు ఎంత దుమ్ము పట్టారో గేటు ముందు రాయించండి

సంపాదకులు గారికి నమస్కారం.

విశాఖ గాలి మీద వార్త వచ్చినప్పుడల్లా చివర్లో ఒక వాక్యం తప్పకుండా కనిపిస్తుంది: కాలుష్య నియంత్రణ పరికరాలు అమర్చామని యాజమాన్యం చెప్పింది. వార్త అక్కడితో ఆగిపోతుంది. ఆ పరికరం ఏ రకం, ఎంత సన్నని రేణువు వరకు పట్టగలదు, నిన్న రాత్రి అది నడిచిందా, నడిస్తే ఎన్ని కిలోల దుమ్ము దిగింది అని ఎవరూ అడగరు. గాజువాక ఆటోనగర్‌లోని ఫ్యాబ్రికేషన్ షాపుల్లో, గాలిలోని దుమ్మును పట్టే సైక్లోన్, బ్యాగ్ ఫిల్టర్ అనే పరికరాలకు డ్రాయింగులు గీసి, దగ్గరుండి వెల్డింగ్ చేయించి, సైటులో నిలబెట్టించి నా ఉద్యోగ జీవితమంతా గడిపాను. ఆ పరికరాల మంచీ చెడూ దగ్గర నుంచి చూసినవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను. పొడవు ఎక్కువైతే మన్నించండి. కానీ లెక్కలు మాత్రం తీసేయకండి, నేను చెప్పదలచుకున్నదంతా వాటిలోనే ఉంది.

ముందు సైక్లోన్ సంగతి. రైసు మిల్లుల వెనక, బాయిలర్ల పక్కన పైన గుండ్రంగా, కింద గరాటులా కనిపించే ఇనుప డబ్బా ఇదే. 1885లో అమెరికాలో దీనికి పేటెంటు వచ్చింది. లోపల కదిలే భాగం ఒక్కటీ ఉండదు. దుమ్ముతో నిండిన గాలి పక్క నుంచి గోడను ఒరుసుకుంటూ వేగంగా లోపలికి వస్తుంది. గిర్రున తిరుగుతూ కిందికి దిగుతుంది. బరువైన రేణువులు గోడకు చేరి, జారి, అడుగున ఉన్న హాపర్ అనే తొట్టిలో పడతాయి. గాలి మాత్రం కోను అడుగున వెనక్కి మళ్లి, నడుమ సన్నని సుడిగా పైకి లేచి, పై గొట్టం గుండా బయటికి పోతుంది.

ఇంత సాదా పరికరం కాబట్టి దీన్ని ఎవరైనా చేసేయవచ్చని చాలామంది అనుకుంటారు. కానీ ఇందులో ప్రతి కొలతకూ ఒక కారణం ఉంది. మేము ఎక్కువగా వాడినవి 1951లో స్టెయిర్మాండ్ అనే ఇంజినీరు ఇచ్చిన నిష్పత్తులు. గుండ్రటి భాగం వ్యాసం ఎంతో, గాలి వచ్చే నోరు ఎత్తు అందులో సగం, వెడల్పు అయిదో వంతు. గాలి పోయే గొట్టం వ్యాసం సగం. మొత్తం ఎత్తు వ్యాసానికి నాలుగు రెట్లు. గంటకు 10,000 ఘనపు మీటర్ల గాలి వచ్చే చిన్న యూనిట్‌కు, నోటి దగ్గర వేగం సెకనుకు 15 మీటర్లు పెట్టుకుంటే, వ్యాసం దాదాపు 1.36 మీటర్లు, ఎత్తు సుమారు అయిదున్నర మీటర్లు వస్తుంది. ఆ గోడ దగ్గర తిరిగే రేణువు మీద పనిచేసే బలం దాని బరువుకు ముప్పై రెట్లు మించి ఉంటుంది. దుమ్మును గాలి నుంచి విడదీసేది ఆ బలమే.

షెడ్డు ఎత్తు చాలడం లేదు, కోను నాలుగడుగులు కోసేయండి అన్న యజమాని ఒకరు నాకు ఎదురయ్యారు. కోను పొట్టిదైతే సుడి తిరగడానికి చోటు ఉండదని, అడుగున పడిన దుమ్మునే అది మళ్లీ లేపి పైకి పట్టుకుపోతుందని చెప్పాను. షెడ్డు బయట నిలబెట్టుకోండి, గాలి వెళ్లే గొట్టం, అదే డక్టు, రెండు మీటర్లు పెరుగుతుంది, అంతే కదా అన్నాను. ఆయన వినలేదు. మరో షాపువాళ్లు ఆయన అడిగినట్టే చేసి ఇచ్చారు. తనిఖీ కాగితంలో మాత్రం సైక్లోన్ ఉంది అనే రాశారు. ఆ కాగితం అబద్ధం కాదు. దాని చిమ్నీ కింద కాపురముండే వాళ్లకు అది ఏ మాత్రం ఉపయోగం లేని నిజం.

సరే, కొలతలన్నీ సరిగ్గా ఉన్న సైక్లోనే అనుకుందాం. అది ఏ రేణువును పడుతుంది, దేన్ని వదిలేస్తుంది? మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. పది మైక్రాన్ల రేణువునూ ఒక మైక్రాన్ రేణువునూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండోదాని బరువు మొదటిదానిలో వెయ్యో వంతు. కానీ గాలి దాన్ని ఈడ్చే బలం పదో వంతుకే తగ్గుతుంది. అందువల్ల చిన్న రేణువు గోడ వైపు జరిగే వేగం నూరో వంతే. అది గోడకు చేరేలోపే గాలి దాన్ని పైకి తీసుకుపోతుంది. కళ్లంలో ధాన్యం తూర్పారబట్టడం చూసినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు. గింజ కాళ్ల దగ్గర రాలుతుంది, పొట్టు గాలికి పోతుంది. చిమ్నీ విషయంలో ఆ పొట్టే మన ఊపిరితిత్తుల్లోకి చేరేది. మనిషి వెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు. రెండున్నర మైక్రాన్ల కంటే చిన్న రేణువులు ముక్కులో, గొంతులో ఆగవు, ఊపిరితిత్తుల అడుగు దాకా పోతాయి. సైక్లోన్ చక్కగా పనిచేసేది పది మైక్రాన్లూ అంతకు మించిన రేణువుల మీద. ఒక మైక్రాన్ దగ్గరకు వచ్చేసరికి చాలావరకు చేతులెత్తేస్తుంది.

దీనివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, సైక్లోన్ పెట్టగానే కంటికి కనిపించే దుమ్ము తగ్గిపోతుంది. డాబా మీద గరుకుగా తగిలేది, దండెం మీద బట్టలను నల్లబరిచేది తగ్గుతుంది. వీధివాళ్లు ఫిర్యాదులు మానేస్తారు. కనిపించనిది మాత్రం మునుపటిలాగే వస్తూ ఉంటుంది.

మా పరికరం 90 శాతం దుమ్మును పడుతుంది అని యజమానులు గొప్పగా చెబుతారు. పరీక్షలో 90 మార్కులు వస్తే గొప్పే. ఇక్కడ లెక్క కట్టి చూద్దాం. ఇందాకటి యూనిట్‌లోనే ఘనపు మీటరుకు 5 గ్రాముల దుమ్ము వస్తోందనుకోండి. గంటకు 50 కిలోలు. రోజంతా నడిస్తే 1,200 కిలోలు. 90 శాతం పట్టినా మిగిలిన 120 కిలోలు ప్రతి రోజూ చిమ్నీ నుంచి ఊరి మీదికి వెళ్తాయి, అదీ ఎక్కువగా సన్నని రకం. చిమ్నీలో అది ఘనపు మీటరుకు 500 మిల్లీగ్రాములు. అదే గాలిని సైక్లోన్ తరవాత మంచి బ్యాగ్ ఫిల్టర్ గుండా పంపి 50 మిల్లీగ్రాములకు దించితే రోజుకు 12 కిలోలు. శాతం బరువు మీద కట్టిన లెక్క. బరువంతా పెద్ద రేణువులదే కాబట్టి శాతం ఎప్పుడూ యజమానికి అనుకూలంగానే కనిపిస్తుంది.

వేగం పెంచితే సన్నని దుమ్ము కూడా పడుతుంది కదా అని కొందరు పెద్ద ఫ్యాను బిగిస్తారు. ఉత్పత్తి పెంచినప్పుడు కూడా ఇదే చేస్తారు. గాలి గంటకు 10,000 నుంచి 14,000 ఘనపు మీటర్లు అయితే పీడన నష్టం, అంటే పరికరం దాటేసరికి గాలి కోల్పోయే ఒత్తిడి, దాదాపు రెట్టింపు అవుతుంది, కరెంటు బిల్లు దాని వెంటే పెరుగుతుంది. వేగం ఒక హద్దు దాటాక గోడకు చేరిన దుమ్మును గాలే ఊడ్చుకుపోతుంది. దానికి బదులు చిన్న వ్యాసం గొట్టాలు చాలా పెట్టే మల్టీ సైక్లోన్ మేలు. పావు మీటరు వ్యాసం గొట్టంలో అదే వేగానికి బలం అయిదు రెట్లు మించుతుంది. అయితే ఒక్క గొట్టం పూడుకుపోయినా గాలి పంపకం చెడిపోతుంది. దాన్ని విప్పి శుభ్రం చేసే ఓపిక చాలా చోట్ల నేను చూడలేదు.

ఇక మన ఊరికి ప్రత్యేకమైన ఒక శత్రువు గురించి చెప్పాలి. సముద్రం మీది ఉప్పు గాలి. మూడు మిల్లీమీటర్ల ఇనుప రేకుతో చేసిన హాపర్ వెల్డింగ్ అతుకుల దగ్గర తుప్పు మొదలవుతుంది. బయట రంగు వేస్తారు, కనిపిస్తుంది కాబట్టి. లోపల ఎవరూ చూడరు. మామూలుగా సైక్లోన్ తరవాత ఫ్యాను ఉంటుంది కాబట్టి లోపల ఉండేది పీల్చే ఒత్తిడి. అడుగున చిన్న చిల్లు పడితే బయటి గాలి లోపలికి దూసుకువస్తుంది. సరిగ్గా దుమ్ము దిగవలసిన చోటనే గాలి పైకి లేస్తుంది. దిగిన దుమ్ము తిరిగి చిమ్నీ దారి పడుతుంది. హాపర్ నుంచి దుమ్మును కిందికి దించే రోటరీ వాల్వు రబ్బరు అరిగినా ఇదే గతి. చిల్లు నుంచి దుమ్ము బయటికి కారదు కాబట్టి కింద నేల శుభ్రంగానే ఉంటుంది, చూసేవాళ్లకు అంతా బాగున్నట్టే అనిపిస్తుంది. ఇలాంటి చిల్లును కనిపెట్టడానికి కాస్త పొగ చాలు. అగరుబత్తి పొగ ఎటు లాగుతుందో చూస్తే తెలిసిపోతుంది. తీరప్రాంతంలో ప్రతి హాపర్‌కూ వానలకు ముందు, తరవాత ఈ పరీక్ష చేయాలని నా గట్టి అభిప్రాయం.

బ్యాగ్ ఫిల్టర్ ఇంతకంటే చాలా మెరుగు, కానీ ఇంతకంటే చాలా సున్నితం. ఇనుప కేజ్ మీద తొడిగిన పొడవాటి గుడ్డ సంచులు వరసగా వేలాడుతుంటాయి. గాలి బయట నుంచి లోపలికి పోతుంది, దుమ్ము గుడ్డ మీద నిలుస్తుంది. కొత్త గుడ్డ మొదట కొంత సన్నని దుమ్మును వదిలేస్తుంది. దాని మీద పలుచగా దుమ్ము పొర కట్టాక ఆ పొరే అసలు వడపోత చేస్తుంది. అందుకే మరీ తరచుగా దులపకూడదు, మరీ ఆలస్యంగానూ దులపకూడదు. సెకనులో పదో వంతు సేపు చదరపు సెంటీమీటరుకు అయిదారు కిలోల ఒత్తిడి గాలిని పైనుంచి కొట్టి దులుపుతారు. దాన్నే పల్స్ జెట్ అంటారు.

ఎన్ని సంచులు కావాలన్నది కూడా సాదా లెక్కే. గంటకు 10,000 ఘనపు మీటర్లంటే నిమిషానికి 167. ఒక చదరపు మీటరు గుడ్డ గుండా నిమిషానికి 1.2 ఘనపు మీటర్లు పంపవచ్చనుకుంటే 139 చదరపు మీటర్ల గుడ్డ కావాలి. 15 సెంటీమీటర్ల వ్యాసం, 3 మీటర్ల పొడవు సంచులైతే సుమారు వంద. ఖర్చు తగ్గించమని ఒత్తిడి పెట్టి అరవైకి దింపించుకునే యజమానులున్నారు. అప్పుడు గాలి గుడ్డను గట్టిగా ఒత్తుతుంది, దుమ్ము గుడ్డ పోగుల్లోకి దిగిపోతుంది, ఇక ఎంత దులిపినా రాదు. గాలి పోకపోవడంతో యంత్రం దగ్గర పొగ వెనక్కి తంతుంది. అప్పుడు ఎవరో ఒకరు కొన్ని సంచులు ఊడదీసి ఒట్టి కేజ్‌లు వదిలేస్తారు. పని మళ్లీ హాయిగా సాగుతుంది, చిమ్నీలో అడ్డూ ఆపూ ఉండదు. వందలో ఒక్క సంచి చిరిగినా గాలి తేలికైన దారి వెతుక్కుని ఆ చిరుగు గుండానే పరుగెత్తుతుంది. దాన్ని పట్టుకోవడానికి మెరిసే పొడి లోపలికి వదిలి, అతినీలలోహిత దీపంతో చూసే పద్ధతి ఉంది. ఒక పూట పని, అంతే.

సంచుల గుడ్డ ఎంపికలో ఇంకో జాగ్రత్త. పాలిస్టర్ 130 డిగ్రీల వరకే ఓర్చుకుంటుంది, తేమ ఎక్కువున్న వేడి గాలిలో అంతకు ముందే చివికిపోతుంది. అరమిడ్ రకం 200 డిగ్రీలు, గాజు పోగులదీ టెఫ్లాన్‌దీ 260 డిగ్రీలు తట్టుకుంటాయి, ధర కూడా అలాగే పెరుగుతుంది. మన దగ్గర గాలిలో తేమ ఎప్పుడూ ఎక్కువే. రాత్రి బాయిలర్ ఆపి, లోపలి తేమ గాలిని పొడి గాలితో బయటికి తోలకుండా వదిలేస్తే, తెల్లవారేసరికి సంచుల మీద దుమ్ము బురదై, తరవాత గట్టిపడి కూర్చుంటుంది. సంచులు పాడయ్యాయని గుడ్డ అమ్మినవాడిని తిడతారు. ఆపే ముందు పది, పదిహేను నిమిషాలు పొడి గాలి నడిపిస్తే పోయే బాధ అది.

పైన చెప్పిన యూనిట్‌లో గాలిని సంచుల గుండా లాగడానికి 150 మిల్లీమీటర్ల ఎత్తు నీటి మట్టాన్ని నిలబెట్టేంత పీడనం అవసరమైతే, ఫ్యానుకు సుమారు 7 కిలోవాట్లు పడుతుంది. రోజుకు 160 యూనిట్లకు పైగా కరెంటు. యూనిట్ ఏడు రూపాయలనుకున్నా రోజుకు 1,100 రూపాయలకు పైగానే. రాత్రిపూట ఫ్యాను ఆపేసి, పక్కదారి డక్టు తెరిచేయాలన్న ఆశ పుట్టేది ఇక్కడే. రాత్రి తనిఖీకి ఎవరూ రారు. పైగా ఉత్తరాన కైలాసగిరి, సింహాచలం కొండలు, దక్షిణాన యారాడ కొండ ఉన్న ఈ ఊరిలో చలికాలపు రాత్రుల్లో గాలి కదలిక తక్కువ. చిమ్నీ నుంచి వచ్చింది మల్కాపురం, శ్రీహరిపురం, గాజువాక ఇళ్ల మీదనే నిలబడుతుంది.

పెద్ద పరిశ్రమల సంగతి కొంత నయం. ఉక్కు, విద్యుత్తు, చమురు శుద్ధి వంటి 17 రకాల పరిశ్రమల చిమ్నీలకు ఉద్గారాలను నిరంతరం కొలిచే మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది. ఆ పరిధిలోకి రాని చిన్న యూనిట్ల మీదనే నా బెంగ అంతా. నేను ఉద్యోగంలో ఉన్న కాలంలో బల్ల మీద పెట్టుకున్న పట్టిక ప్రకారం, గంటకు 15 టన్నులూ అంతకు మించి ఆవిరి చేసే బాయిలర్‌కు ఘనపు మీటరుకు 150 మిల్లీగ్రాములు హద్దు. రెండు టన్నులకు లోపు బాయిలర్‌కు 1,200. దానికి సైక్లోన్ చాలని ఆ పట్టికే చెప్పేది. చిన్న బాయిలర్‌కు చిమ్నీ కూడా పొట్టిది, అది ఉండేది ఇళ్ల మధ్యన. ఎక్కడ జనం దగ్గరగా ఉన్నారో అక్కడ సడలింపు ఎక్కువ ఇవ్వడం నాకు అప్పుడూ మింగుడు పడలేదు, ఇప్పుడూ పడటం లేదు.

2009 జాతీయ ప్రమాణాల ప్రకారం రెండున్నర మైక్రాన్ల లోపు రేణువులు ఏడాది సగటున ఘనపు మీటరుకు 40 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పెట్టిన హద్దు 5. 2019లో మొదలైన జాతీయ శుద్ధ గాలి కార్యక్రమంలో, ప్రమాణాలను అందుకోలేని నగరాల జాబితాలో విశాఖపట్నం ఉంది. రోడ్లు ఊడ్చే యంత్రాలు, నీళ్లు చల్లే బళ్లు మంచివే. ఆరుబయట బొగ్గు గుట్టల మీది దుమ్ముకూ, కప్పని లారీల నుంచి రాలే దుమ్ముకూ సైక్లోన్ పనికిరాదు, అక్కడ నీళ్లూ పట్టాలూ గోడలే దిక్కు. కానీ డక్టులో ఉన్న దుమ్మును డక్టులో ఉండగానే పట్టుకోవడం, అది ఊరంతా పరుచుకున్నాక ఊడ్చడం కంటే ఎంతో తేలిక.

అందుకని కాలుష్య నియంత్రణ మండలి విశాఖ అధికారులను నేను అడిగేది ఇది. నిర్వహణ అనుమతి, అందరూ సీఎఫ్‌ఓ అనే కాగితం, కొత్తగా ఇచ్చేటప్పుడూ పొడిగించేటప్పుడూ ఒక షరతు చేర్చండి. సైక్లోన్ గానీ బ్యాగ్ ఫిల్టర్ గానీ ఉన్న ప్రతి యూనిట్ మూడు అంకెలు రోజూ గేటు బయట బోర్డు మీద రాయాలి: పరికరం ముందూ వెనకా పీడనంలో తేడా ఎంత, ఫ్యాను ఎన్ని ఆంపియర్లు లాగుతోంది, నిన్న హాపర్ నుంచి ఎన్ని కిలోల దుమ్ము దిగింది. ఉద్గారాల వివరాలు గేటు బయట రాసే పద్ధతి ఇప్పటికే చాలా పరిశ్రమల్లో ఉంది, దానికి మరో మూడు వరసలు చేర్చడమే.

ఈ మూడూ ఒకదాన్నొకటి పట్టిస్తాయి. పీడన తేడా నీటి మట్టంలో వంద మిల్లీమీటర్ల దగ్గర నిలకడగా ఉంటే సంచులు బాగున్నట్టు. రెండు వందలు దాటితే పూడుకున్నట్టు. హఠాత్తుగా ముప్పైకి పడితే చిరిగినట్టో ఊడదీసినట్టో. ఆంపియర్లు రాత్రి పది గంటలకు సున్నా అయితే చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే నిక్కచ్చిగా నిజం చెప్పేది దుమ్ము తూకం. రోజుకు 1,200 కిలోల దుమ్ము పుట్టే యూనిట్ తాను 99 శాతం పడుతున్నానంటే, 1,188 కిలోలు గోనె సంచుల్లో కనిపించాలి. మూడు బస్తాలే కనిపిస్తే మిగిలింది ఎక్కడికి పోయిందో యజమానే చెప్పాలి. పట్టిన దుమ్మును ప్రహరీ వెనక కుప్ప పోసి గాలికి వదిలేసే అలవాటు కూడా దీనితో బయటపడుతుంది.

చిన్న యజమానులకు ఇది భారం అంటారు. వాళ్లతోనే నేను బతుకంతా పనిచేశాను, వాళ్ల ఇబ్బంది నాకు తెలుసు. కానీ పీడన తేడా చూడటానికి ఖరీదైన మీటరు అక్కర్లేదు. డక్టుకు రెండు చిన్న రంధ్రాలు, రెండు మూడు మీటర్ల పారదర్శక గొట్టం, యు ఆకారంలో దాన్ని బిగించడానికి ఒక చెక్క, రంగు కలిపిన నీళ్లు, ఒక స్కేలు చాలు. ఆంపియర్ మీటరు ప్యానెల్ మీద ఎలాగూ ఉంటుంది. తూకం యంత్రం లేని ఫ్యాక్టరీ లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం రసాయన ఇంజినీరింగ్ విద్యార్థులనూ కంచరపాలెం ఐటీఐ పిల్లలనూ ఈ పనిలో పెడితే వాళ్లకు చదువూ వస్తుంది, ఊరికి లెక్కా దొరుకుతుంది.

ఆటోనగర్‌లో గానీ పరవాడ వైపు గానీ ఏ యజమాని అడిగినా ఆ గొట్టాన్ని నేనే వచ్చి బిగించి, ఎలా చదవాలో పనివాళ్లకు చూపిస్తాను. డబ్బు తీసుకోను. మీ పత్రిక ద్వారా కబురు పంపితే చాలు.

ఇట్లు,
విశ్రాంత డిజైన్ ఇంజినీరు,
గాజువాక, విశాఖపట్నం